యోబు మిత్రుల బోధ

మా యన్నగారు మరణించి పదునాలుగు మాసములైనది. ఆయన ఇరువదిరెండేండ్లు ఒక రసాయన కర్మాగారమున డ్రమ్ములు దొర్లించి బ్రదికినవాడు. కడపటి మూడేండ్లు మూత్రపిండములు చెడి, వారమునకు రెండుమారులు డయాలిసిస్ చేయించుకొనుచు మంచముపట్టి యుండెను. వ్యాధికి కారణమిదియని ఏ వైద్యుడును వ్రాసి యీయలేదు. వ్రాసి యీయుమని మేమును అడుగలేదు. అడుగవలెనని మాకు తోచనే లేదు.

మూడవనాడు పరామర్శకు ఒక బోధకుడు వచ్చెను. పేరు చెప్పను, ఆయన మంచివాడు, రాత్రివేళ పిలిచినను వచ్చువాడు. ప్రార్థన ముగించి మా వదినెగారితో నిట్లనెను: "అమ్మా, దేవుడు స్వస్థపరుచుటకు సిద్ధముగానే యుండెను. ఈ యింట విశ్వాసము కొంచెము కొరవడినది." పిమ్మట టీ త్రాగి వెడలిపోయెను. ఆమె ఆ రాత్రి నన్ను పిలిచి అడిగిన మాటను ఆమె భాషలోనే వ్రాయుచున్నాను: "నేను నమ్మకనేనా మరిదీ, ఆయన పోయింది?" మరునాటినుండి ఆమె వేదగ్రంథమును గుడ్డలో చుట్టి అటకమీద పెట్టినది. రెండు మాసములు ప్రార్థనామందిరపు గడప త్రొక్కలేదు.

ఈ వ్యాసము ఆ బోధకునిపై కక్షతో వ్రాయుచున్నది కాదు. ఆయన చెప్పినది ఆయన స్వంత మాట కాదు. నేడు తెలుగు దేశమున, బహిరంగ సభలలో నేమి, దూరదర్శన ప్రసారములలో నేమి, సెల్‌ఫోనులలో నేమి, క్రైస్తవ్యము పేరిట మిక్కిలి బిగ్గరగా వినబడుచున్న బోధ అదియే. విశ్వసించినవానికి వ్యాధి యుండదనియు, కానుక వేసినవానికి అప్పు తీరుననియు, తీరనిచో లోపము నీదేననియు దాని సారము. నేను పుట్టుకచేత క్రైస్తవుడను, వృత్తిచేత సంస్కృతోపాధ్యాయుడను. (ఈ రెంటిని ఒక్కచోట చూచి నొసలు చిట్లించువారు ఇరుప్రక్కలను గలరు, వారి సంగతి మరియొకమారు.) చదువు చెప్పుకొని బ్రదుకువాడను గనుక నా యభియోగము చదువునకు సంబంధించినదే. ఈ బోధకులు గ్రంథమును చదువుట లేదు. చదివినయెడల వారి బోధను మొట్టమొదట ఖండించునది ఆ గ్రంథమే.

వాగ్దాన పత్రముల సంగతియే చూడుడు. డిసెంబరు 31వ తేదీ రాత్రి మన మందిరములలో చిన్న చీటీలు పంచుదురు. ఒక్కొక్క చీటిపై ఒక్కొక్క వాక్యముండును. తీసికొన్నవాడు దానిని ఏడాది పొడుగున తలగడ క్రిందనో, పర్సులోనో దాచుకొనును. వానిలోనెల్ల జనాదరము పొందినది యిర్మీయా గ్రంథము ఇరువదితొమ్మిదవ యధ్యాయములోని పదునొకండవ వచనము: దేవుడు తన ప్రజలకు కీడు గాక మేలే తలపోసియున్నాడనియు, వారికి ముందొక యాశ గలదనియు చెప్పునది. మా వీధిలో దానిని క్యాలెండరుపై అచ్చువేయించుకొనని క్రైస్తవ గృహము లేదనిన అతిశయోక్తి కాదు. మా యన్నగారి మంచమునకు ఎదుటి గోడపైనను అదియే యుండెను.

ఆ వచనము ఒక జాబులోనిది. యెరూషలేమునుండి బబులోనునకు చెరగొనిపోబడినవారికి యిర్మీయా వ్రాసి పంపిన జాబది. దానికి ముందటి వచనమున నేమున్నది? డెబ్బది యేండ్లు గడచిన పిమ్మటగాని విడుదల లేదని యున్నది. అనగా ఆ జాబు విన్న పెద్దలలో ననేకులు దానిని కన్నులార చూడబోరు. అంతకు ముందేమున్నది? త్వరలోనే అంతయు చక్కబడునని కలలు చెప్పు ప్రవక్తలను నమ్మవద్దని యున్నది. వెనుకటి యధ్యాయమున హనన్యా యను నొక ప్రవక్త దేవాలయమున జనులయెదుట నిలిచి, రెండేండ్లలో విముక్తి యని ప్రకటించి, యిర్మీయా మెడమీది కొయ్యకాడిని విరిచివేసెను. జనులకు ఎంత సంతోషము కలిగియుండునో యూహింపవచ్చును! గ్రంథము వానిని అబద్ధికుడని తేల్చినది. వాడు ఆ సంవత్సరమే మరణించెను. ఇప్పుడు విజ్ఞులు చెప్పవలెను. శీఘ్రసౌఖ్యము బోధించువారిని ఖండించుటకై వ్రాసిన జాబునుండి ఒక్క వాక్యమును చించి తెచ్చి, శీఘ్రసౌఖ్యమునకు హామీపత్రముగా పంచుటను ఏమందుము? హనన్యా బోధకు యిర్మీయా సంతకము పెట్టుటయే కదా!

మరియు ఆ జాబు చెరలోనివారికి చేయుమని చెప్పిన పని యొకటి గలదు. ఇండ్లు కట్టుకొనుడనియు, తోటలు నాటుడనియు, మీరున్న పట్టణముయొక్క క్షేమమును వెదకుడనియు, దాని క్షేమమునందే మీ క్షేమమున్నదనియు అది చెప్పుచున్నది. ఈ మాటను ఏ చీటిపైనను నేను చూడలేదు. పటాన్‌చెరు ప్రాంతమున కాపురముండువానికి ఇంతకంటె అక్కరకు వచ్చు వాక్యము వేరొకటి యుండునా?

ఇక యోబు. ఆ గ్రంథమునుండి మనవారికి తెలిసినది మొదటి యధ్యాయమున యోబు పలికిన వినయవాక్యమును, కడపటి యధ్యాయమున వానికి రెట్టింపైన గొఱ్ఱెలును ఒంటెలును. నడుమనున్న దాదాపు నలువది యధ్యాయములు పిడుగులవంటివి. యోబు తాను పుట్టిన దినమును శపించును. దేవుని న్యాయసభకు రమ్మని పిలుచును. తానెరిగిన తప్పేదియు లేదని తెగేసి చెప్పును. వానికి బుద్ధి చెప్పువారు ముగ్గురు మిత్రులు. వారు నాస్తికులు కారు, మూర్ఖులును కారు. మంచి దైవభక్తి గల పండితులు. బిల్దదు చచ్చిన బిడ్డలనుగూర్చి ప్రస్తావించి, వారు పాపము చేసియుందురు గనుక ఫలము ననుభవించిరని ఆ తండ్రితోనే యనును. జోఫరు, నీ దోషమునకు తగినంత శిక్ష యింకను పడలేదనును. వారి మాటలను విడివిడిగా తీసి చూచితిరా, ప్రతి మాటయు ఆదివారపు ప్రసంగమునకు పనికివచ్చును. తుదకు దేవుడు పలికినపుడు ఎవరిపై కోపించెను? ఆ ముగ్గురిపై. తన్నుగూర్చి యోబు పలికినట్లు మీరు యుక్తముగా పలుకలేదని వారితోననెను. ప్రాయశ్చిత్తము విధింపబడినది ఓదార్చవచ్చిన ముగ్గురికే. వారికొరకు ప్రార్థింపవలసినవాడు యోబు. ఆ మిత్రులు చేసిన మంచిపని యొక్కటి గలదు. మొదటి యేడు దినములు వారు నేలమీద యోబు ప్రక్కన నోరెత్తక కూర్చుండిరి.

నేను బాలురకు భారతము చెప్పునపుడెల్ల ఈ ఘట్టము జ్ఞప్తికి వచ్చును. అరణ్యపర్వమున ద్రౌపది, ధర్మము తప్పని భర్తకు వనవాసమేమని మండిపడి, సృష్టికర్త ప్రాణులను కొయ్యబొమ్మలవలె ఆడించుచున్నాడని ఆక్షేపించును. ధర్మరాజు అది నాస్తికభాషణమని మందలించును. ఆమె, ఆర్తురాలనై పలికితినని కొంత వెనుకకు తగ్గును. వ్యాసమహర్షి ఆమె మాటలను దాచక వ్రాసినందుకు నమస్కరింతును. కాని అచ్చట తీర్పు మందలించినవాని పక్షమున నిలుచునట్లు తోచును. యోబు గ్రంథమున మందలించినవారే మందలింపబడిరి. ఈ భేదము చిన్నది కాదు. మన దేశమున వేలయేండ్లుగా పీడితుని నోరు మూయుటకు చాలినది "నీ పూర్వకర్మ" యను ఒక్క మాట. మా తాతలు ఆ మాటనుండి తప్పించుకొన గోరియే ఈ గ్రంథమును చేతబట్టిరి. ఇప్పుడు "నీ యవిశ్వాసము" అను క్రొత్తపేరుతో ఆ మాటయే వేదికనెక్కి వచ్చుచున్నది. జాషువాకవి 1941 నాటి గబ్బిలములో ఆకలిగొన్న యరుంధతీసుతునిచేత శివునికి మొర పంపించెను. మొర పెట్టుట భక్తిలోపమని ఆ కవికి తోచలేదు. మన బోధకులకు తోచుచున్నది!

మా చిట్కుల్ సంగతి చెప్పెదను. 1970వ దశకమునుండి పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు పెరిగినవి. వాని మురుగు కలిసిన నక్కవాగు మా పొలముల ప్రక్కనుండి పారి మంజీరలో కలియును. ఆ నీటిని గూర్చి 1990లో సుప్రీముకోర్టులో వ్యాజ్యము పడినది. 2001లో అది హైకోర్టునకు మారినది. నా బాల్యమున పెద్దలు ఆ వాగులో పట్టిన చేపల కథలు చెప్పెడివారు. నేను మాత్రము దాని రంగులను, వాసనను చూచి పెరిగినవాడను. 2025 జూన్ 30న మాకు సమీపముననున్న పాశమైలారములో ఒక ఔషధపదార్థముల కర్మాగారము ప్రేలి నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో ననేకులు బీహారు, ఒడిశా మొదలగు దూరదేశములనుండి కూలికి వచ్చినవారు. ఇట్టి నేలమీద నిలిచి, నీ రోగమునకు నీ విశ్వాసలోపమే కారణమని చెప్పువాడు తెలిసియో తెలియకయో ఎవరికి మేలు చేయుచున్నాడు? నీటిని చెరచినవానికి అంతకంటె మంచి వకీలు దొరకడు.

గ్రంథమున చేదునీళ్ల కథ యుండనే యున్నది. ఇశ్రాయేలీయులు ఎఱ్ఱసముద్రము దాటి మూడుదినములు నడచి మారా యనుచోటికి వచ్చిరి. అచ్చటి నీరు త్రాగనలవి గాకుండెను. జనులు మోషేపై సణిగిరి. దేవుడు వారి విశ్వాసమును కొలిచి చూడలేదు; ఒక చెట్టును చూపి, నీటిని బాగుచేయించెను. తక్కిన మాటలన్నియు అటుతరువాతనే. నా యెరుకలో, నక్కవాగు పేరెత్తి ఒక్కమారైనను బహిరంగ ప్రార్థన జరిగిన మందిరము ఈ చుట్టుపట్ల లేదు.

ఇచ్చట హేతువాదులైన మిత్రులు చప్పట్లు కొట్టవచ్చును. మతము పేదవానికి మత్తుమందని మేమెప్పుడో చెప్పితిమి కదా యందురు. మీవారు పిడికెడు బియ్యమునకు మతము మారినవారని మరికొందరు పల్కుదురు. వారికి ఒంగోలు చరిత్రను జ్ఞాపకము చేయవలసియున్నది. 1876–78 నాటి మహాక్షామమున అమెరికను బాప్తిస్టు మిషనరీయైన క్లౌ దొర ఊరక గంజి పోయుటతో తృప్తిపడక, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించెను. కూలి కడుపు నింపుచుండగా, సాయంకాలము బోధకులు వారి నడుమ కూర్చుండి, అలసినవారిని, బరువులు మోయువారిని తనచెంతకు పిలిచిన క్రీస్తు పిలుపును మరల మరల వినిపించిరి. తట్ట నెత్తినబెట్టుకొని మోయుచున్న మాదిగవానికి ఆ పిలుపు ఉపమానము కాదు; తన దినచర్యయే. జనులు బాప్తిస్మమునకై వచ్చిరి. క్లౌ దొర ఒప్పుకొనలేదు. ధాన్యము పంచు చేతితో బాప్తిస్మమిచ్చుట తగదని సుమారు పదునైదు నెలలు ఆపివేసెను. కరవుపని ముగిసి, ఇచ్చుటకు గింజ లేనప్పుడు, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బియ్యముకొరకు వచ్చినవారైనచో బియ్యమున్ననాడే వచ్చియుందురు. ఇక నేటి మాట: 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులముల హోదాను పోగొట్టుకొనును. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ నిబంధనను సడలించిరి, క్రైస్తవునికి లేదు. ఇంతటి నష్టమును ఆశించి వచ్చు లోభి యెవడో నాకు తెలియదు.

మా పాతజిల్లాలోని మెదకు మహాదేవాలయమును గూర్చియు ఇట్లే చెప్పుదురు. పాస్నెట్టు దొర కరవుకాలమున పని కల్పించి కట్టించిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. ఆ దొరలలో లోపములు లేవని నేననను. కాని వారు ఆకలిగొన్నవానికి కూలిని, వాక్యమును కలిపి యిచ్చిరి. మన నేటివారు వానివద్దనే కానుక పుచ్చుకొని చీటి యిచ్చుచున్నారు.

"అయ్యా, దుఃఖములోనున్న ఆడుదానికి నీ వ్యాకరణమేల? ఒక తీపిమాట చెప్పిన నీ సొమ్మేమి పోయినది?" అని మా సంఘపు పెద్దయొకరు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. తీపిమాటకు నేను విరోధిని కాను. శ్రమ ఓర్పును పుట్టించునని వ్రాసిన పౌలే, ఆసియాలో తనకు కలిగిన బాధచేత బ్రతుకుమీద ఆశయే వదలుకొంటినని కొరింథీయులకు దాపరికము లేక వ్రాసికొనెను. ఓర్పునుగూర్చి అతడు చెప్పినది అనుభవించి చెప్పినది; చెడని మూత్రపిండములు గలవాడు చెడినవానికి చెప్పినది కాదు. కీర్తనల గ్రంథమున నూటయేబది కీర్తనలు గలవు. వానిలో మొరలు కొల్లలు. ఎనుబదియెనిమిదవ కీర్తన చీకటియను మాటతోనే ముగియును. దానికి వెలుగైన చివరివాక్యము తగిలింపవలెనని ఏ లేఖకునికిని తోచలేదు. అది దేవునియెదుట పాడుటకు తగినదని పూర్వులు దానిని గ్రంథమున నిలిపిరి. అట్టి పాటను ఏడ్చువానికి అందీయక దాచిపెట్టుట, వైద్యుడు మందును బీరువాలో పెట్టి తాళమువేసి రోగికి మిఠాయి పంచుటవంటిది.

రెండు మాసములైన పిమ్మట నేను అటకమీది గ్రంథమును దింపించితిని. వదినె మొదట ఒప్పుకొనలేదు. నీకు బుద్ధి చెప్పుటకు కాదు, ఒకడు దేవునితో పోట్లాడిన కథ చదివెదనంటిని. ఆమె బియ్యమేరుచు కూర్చున్నది. యోబు మూడవ యధ్యాయము ముగియగానే చేట ప్రక్కకు పెట్టి, "ఇది గూడ ఇందులనే ఉన్నదా?" అనినది. మరల చదువుమన్నది. నలువదిరెండవ యధ్యాయము చేరుటకు మాకు పదునొకండు సాయంకాలములు పట్టినవి. బిల్దదు మాటలకాడ ఆమె ఒకమారు నవ్వినది కూడ. ఆ నవ్వు దేనినిగూర్చియో నాకు తెలియును. దేవుడు మిత్రులపై కోపించిన వచనము చదివినపుడు మాత్రము ఏమియు పలుకక కన్నులు తుడుచుకొన్నది. పిమ్మట యోబునకు మరల ఏడుగురు కొడుకులును ముగ్గురు కూతుండ్రును కలిగిరని చదివితిని. "మరి చచ్చిపోయిన పిల్లలు? వాళ్లు రాలే గదా మరిదీ?" అనినది. రాలేదంటిని. అంతకంటె చెప్పుటకు నాయొద్ద ఏమియు లేకపోయినది. ఆ యాదివారము ఆమె మందిరమునకు వచ్చినది. మరుసటి వారము, అన్నగారు పనిచేసినచోట ఇంకను రావలసిన సొమ్ముకై అర్జీ వ్రాసిపెట్టుమని కాగితము తెచ్చి నా ముందుంచినది.

నేను కోరునది పెద్దపని కాదు. వచ్చు డిసెంబరు 31వ తేదీ రాత్రి చీటీలు పంచకమునుపు ఆ యిరువదితొమ్మిదవ యధ్యాయమును మొదటి వచనమునుండి పదునాలుగవ వచనము వరకు బిగ్గరగా చదువుడు. ఐదునిమిషములకంటె నెక్కువ పట్టదు. హనన్యా యెవడో తెలియనివారికి వెనుకటి యధ్యాయమును కూడ చదువుడు. అప్పటికిని చీటీలు పంచవలెనని తోచినచో పంచుడు.