తగిన శిక్షణ అంటే ఎంత?

2003 నవంబరు 25న కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఒక ఉత్తర్వు పంపింది. ఎలక్ట్రోపతి, రేకి, రత్నాల చికిత్స, మూత్ర చికిత్స, ప్రాణిక్ హీలింగ్ లాంటివాటిని నిపుణుల కమిటీ పరిశీలించి, గుర్తింపు ఇవ్వలేమని తేల్చింది. ఆక్యుపంక్చర్‌కూ హిప్నోథెరపీకీ మాత్రం కాస్త చోటు దొరికింది. వీటిని చికిత్సా పద్ధతులుగా వాడుకోవచ్చు, రిజిస్టరైన వైద్యులు గానీ తగిన శిక్షణ పొందినవారు గానీ చేయవచ్చు అన్నది దాని సారాంశం. గుర్తింపు లేని విధానాల్లో డిగ్రీలు, డిప్లొమాలు ఇవ్వకూడదనీ, పేరు ముందు ‘డాక్టర్’ అన్న మాట గుర్తింపు ఉన్న వైద్యులకే చెల్లుతుందనీ కూడా అందులోనే ఉంది. ఇరవయ్యేళ్లు దాటాయి. ‘తగిన’ అన్న మాటకు కొలత మాత్రం ఇంకా ఖరారు కాలేదు. శని, ఆదివారాల్లో హోటల్ హాల్లో జరిగే క్లాసు తగినదా? ఆన్‌లైన్‌లో కొనుక్కున్న సర్టిఫికెట్టో? కొత్తగా హిప్నోథెరపీ పనిలోకి దిగినవాళ్ల కష్టాలు చాలావరకు ఈ ఒక్క మాట దగ్గరే పుడుతున్నాయని నా వాదన.

ఆ కష్టాల గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా వ్యాపార భాషలోనే చెబుతారు. మనుషులు రావడం లేదు, వచ్చినవాళ్లు రెండో సిట్టింగుకు మొహం చాటేస్తున్నారు, గది అద్దె కూడా గిట్టడం లేదు, కాబట్టి రీల్స్ చేయండి, ప్యాకేజీలు పెట్టండి అని సలహా. వచ్చేవాళ్లు ఏం కోరి వస్తున్నారో చూస్తే అసలు చిక్కు వేరే చోట ఉందని తెలుస్తుంది. తెలుగువాళ్లకు హిప్నాటిజం మొదట పరిచయమైంది స్టేజీ మీద. మెజీషియన్‌గా పేరు తెచ్చుకుని, సైకాలజీ చదివి కౌన్సెలింగ్‌లోకి వచ్చిన బి.వి. పట్టాభిరామ్ లాంటివారు ఎంత విడమరిచి చెప్పినా, జనం మనసులో నిలిచిపోయింది ఉల్లిపాయను ఆపిల్ అనుకుని కొరికే కుర్రాడే. అందుకే “మావాడికి ఫోన్ పిచ్చి వదిలి ఎంసెట్ మీద మనసు నిలిచేలా ఒక్కసారి చేసెయ్యండి” అంటారు తల్లిదండ్రులు. “ఆయనకు తెలియకుండా తాగుడు మాన్పించొచ్చా అండీ?” అని ఓ ఇల్లాలు గొంతు తగ్గించి అడుగుతుంది. ఎవరొచ్చినా ఆఖరి ప్రశ్న ఒక్కటే: గ్యారంటీయేనా?

నిజం చెబితే బేరం అక్కడే తెగిపోతుంది. ఎందుకంటే హిప్నసిస్‌కు ఉన్న బలం నిజమైనదే గానీ చాలా ఇరుకైనది. మనుషులందరూ ఒకే రకంగా దానికి లొంగరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1959లో తయారైన కొలమానం మొదలు, తేలుతూ వచ్చింది ఏమిటంటే, బాగా స్పందించేవాళ్లు కొద్దిమంది, బొత్తిగా స్పందించనివాళ్లు కొద్దిమంది, మిగతావాళ్లంతా మధ్యస్థం. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం, ఏ మందుకూ తగ్గని ఐబీఎస్ పేగు బాధతో ఉన్న 30 మంది మీద హిప్నోథెరపీని పరీక్షించి మంచి ఫలితాలు చూపించింది. 2008లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్, ఏడాది పాటు మందులు వాడినా తగ్గని ఐబీఎస్ రోగులకు సూచించదగ్గ చికిత్సల్లో దీన్నీ చేర్చింది. సిగరెట్ మాన్పించే విషయానికొస్తే కథ మారుతుంది. వైద్య చికిత్సలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు పరిశోధనలన్నీ తిరగేసి, మిగతా పద్ధతులకన్నా ఇది మెరుగని చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. విచిత్రం ఏమిటంటే, మన ఊళ్లలో బోర్డుల మీద ఐబీఎస్ అరుదుగా కనిపిస్తుంది. సిగరెట్, మందు, బరువు, జ్ఞాపకశక్తి, పెళ్లి సంబంధాలు కుదరకపోవడం, ఇవే పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

ఈ రంగంలో పేరు నిలిచినవాళ్లను వరసగా చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘హిప్నాటిజం’ అన్న మాటను 1840లలో ప్రచారంలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ సర్జన్. మత్తుమందు ఇంకా రాని రోజుల్లో, 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో మెస్మరిజంతో రోగిని మైమరపించి కణితులు కోసిన జేమ్స్ ఎస్‌డెయిల్ కూడా సర్జనే. ఈథర్, క్లోరోఫామ్ రాగానే ఆయన పద్ధతి మూలపడింది గానీ, కత్తి ఎక్కడ పెట్టాలో ఆయనకు ముందే తెలుసు. వోర్వెల్ జీర్ణకోశ వైద్యుడు. వీళ్లెవరూ హిప్నసిస్‌తో మొదలుపెట్టలేదు. చేతిలో ఒక వృత్తి ఉండగా దానికి ఇంకో పనిముట్టును చేర్చుకున్నారు. ఆ ఒక్క పనిముట్టే ఆస్తిగా బోర్డు కట్టినవాడి సంగతి ఆలోచించండి. నీరసంగా ఉంది, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు అని వచ్చిన మనిషికి థైరాయిడ్ సమస్యా, కుంగుబాటా, ఇంట్లో చెప్పుకోలేని బాధా? విడదీసి చూడటం నేర్పని చదువుతో అతను ఆ మనిషి ముందు కూర్చున్నాడు. పైగా నెలాఖరుకు అద్దె కట్టాలి. “ఇది నా పని కాదు, ముందు డాక్టరుకు చూపించండి” అనే మాట ఆ పరిస్థితిలో నోటికి రావడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

మాటే మందైన చోట భాషకూ శిక్షణ కావాలి, దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. సిట్టింగులో చదివే పాఠాలు చాలావరకు ఇంగ్లీషువే. ఎస్కలేటర్ మీద మెల్లగా కిందికి దిగుతున్నారు, అడుగడుక్కీ ఒళ్లు తేలికపడుతోంది అని ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన పెద్దావిడకు వినిపిస్తే, ఒళ్లు తేలికపడటం అటుంచి, ఎస్కలేటర్ అనగానే ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుంటుంది. కోనేటి మెట్లు అంటే పాదాలకు నీళ్ల చల్లదనం దానంతటదే తగులుతుంది. పుస్తకాల తెలుగులో “కనురెప్పలు భారమగుచున్నవి” అంటే రెప్పలు వాలవు, నవ్వొస్తుంది. అమ్మా అనాలా, మీరు అంటే చాలా, పిల్లవాడితో ఎంత చనువుగా మాట్లాడాలి? అనుభవమున్నవారు పక్కన కూర్చుని, సిట్టింగు అయ్యాక తప్పు చూపిస్తేనే ఇవి పట్టుబడతాయి. పర్యవేక్షణ అంటే నా ఉద్దేశంలో ఇదే.

కళ్లు మూసుకుని కాసేపు సేద తీరితే వచ్చే నష్టమేమిటి అని అడిగేవారున్నారు. సేదతీరడంతో ఆగితే నష్టం లేదు. అయితే ఆ స్థితిలో ఊహ జ్ఞాపకం వేషం వేసుకుంటుంది, నమ్మకమూ గట్టిపడుతుంది. అందుకే 1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, హిప్నసిస్ తర్వాత సాక్షికి గుర్తొచ్చిన సంగతులను సాక్ష్యంగా ఒప్పుకోలేదు. పూర్వజన్మను నమ్మే మన సమాజంలో ఈ ముప్పు ఇంకో మెట్టు ఎక్కుతుంది. పోయిన జన్మలో నీళ్లలో పడి పోయాను అని కళ్లు మూసుకున్న మనిషి అంటే, ఇంట్లో కాదనేవాళ్లు తక్కువ. నీళ్ల భయానికి కారణం దొరికిందని అందరూ ఊరట పడతారు. వాళ్ల నమ్మకంతో నాకు తగవు లేదు. ఫీజు తీసుకుని దాన్ని రోగనిర్ధారణ అనడంతోనే తగవు.

బరువైన అభ్యంతరం వేరే ఉంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు (సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు). ఇంత కరువులో ఉన్న నాలుగు చేతులనూ అడ్డుకుంటారా అంటే, ఆ ప్రశ్నను తోసిపుచ్చలేను. గుర్తింపు ఉన్న ప్రత్యేక కోర్సు చేస్తే తప్ప క్లినికల్ సైకాలజిస్టు కాలేకపోవడం, ఆ సీట్లూ కొద్దే కావడం నిజమే. అయినా ఆకలిగా ఉన్నవాడికి ఏది పెట్టినా పర్లేదని అనలేం కదా. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను, మానసిక ఆరోగ్య సహాయకులను ఒక రిజిస్టరు కిందికి తెచ్చే దారి వేసింది. ముందు ఆ దారిలో కౌన్సెలింగ్ నేర్చి, హిప్నసిస్‌ను పైచదువుగా చేర్చుకుని, మొదటి వందో, ఎన్నో సిట్టింగులు ఒక అనుభవజ్ఞుడి అజమాయిషీలో చేయాలన్న నియమం పెట్టవచ్చు. వంద అన్నది నా లెక్క, నిపుణులు మార్చుకోవచ్చు. దీనివల్ల కొత్తవాళ్ల సంపాదన ఆలస్యమవుతుంది, అది దాచాల్సిన పని లేదు. బదులుగా, తెలియనిది వచ్చినప్పుడు ఫోన్ చేయడానికి ఒక మనిషి, పంపడానికి ఒక ఆసుపత్రి ఉంటాయి. ఇవాళ బోర్డు మీద పేరు, సెల్ నంబరు, తగ్గించే బాధల జాబితా ఉంటున్నాయి. ఆ జాబితా చెరిపేసి అక్కడ రిజిస్ట్రేషన్ నంబరు, పర్యవేక్షకుడి పేరు రాయడం పెయింటరుకు ఒక పూట పని.