కారు తేనివాళ్లకు పార్కింగ్ డబ్బులేవి?

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఐటీ ఉద్యోగులారా!

సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఆగినప్పుడు అటూ ఇటూ చూడండి. ఐదుగురు పట్టే కారులో ఒక్కరే మనిషి, పక్క సీట్లో లంచ్ బ్యాగు. ముందు కారూ అంతే, వెనక కారూ అంతే. ఫ్లైఓవర్లు కట్టారు, 2020లో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి వేశారు. మనం ఇంకా ఫస్ట్ గేర్‌లోనే ఉన్నాం. మరో ఫ్లైఓవర్ కావాలని సర్కారును అడిగేవాళ్లు అడగనీ, మనం అడగాల్సింది మన ఆఫీసును!

బేస్‌మెంట్‌లో ఒక్క కారు నిలపాలంటే, అది తిరిగే దారితో కలిపి 32 చదరపు మీటర్లు కావాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్క. అంటే సుమారు 345 చదరపు అడుగులు. మనం కూర్చునే క్యూబికల్ అందులో ఏ మూలకు? అంత చోటు కారు తెచ్చినవాళ్లకు ఉచితం. ఉప్పల్ నుంచి మెట్రోలో నిలబడి వచ్చినవాళ్లకు సున్నా. ఇదెక్కడి న్యాయం?

మనవాళ్లు ఎందరో పనిచేస్తున్న కాలిఫోర్నియాలో దీనికి 1992లోనే చట్టం తెచ్చారు. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న కొన్ని కంపెనీలు అద్దె పార్కింగ్‌ను ఉచితంగా ఇస్తే, అది వద్దన్నవాళ్లకు దాని ఖరీదు చేతికివ్వాలి. డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ అలాంటి 8 సంస్థలను పరిశీలిస్తే, ఒంటరిగా కారులో వచ్చేవాళ్లు 17 శాతం తగ్గారని తేలింది. ఎవరి కారునూ ఎవరూ లాక్కోలేదు!

హెచ్ఆర్‌ను మొదట అడగాల్సింది ఇదే: కారు తేనివాళ్లకు ఆ పార్కింగ్ డబ్బులు జీతంతో ఇవ్వండి.

డబ్బు ఒక్కటే చాలదు. మెట్రో 2019 నవంబరులో రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. స్టేషన్ మెట్లు దిగితే షేర్ ఆటోల కేకలు, ముగ్గురి సీట్లో నాలుగో మనిషిని సర్దుకోమనడాలు. ఒకే టవర్‌లో ఉన్న కంపెనీలన్నీ కలిసి స్టేషన్ నుంచి ఒక షటిల్ నడపలేవా? ఇంటికీ ఆఫీసుకూ రాకపోకలకు కంపెనీ పెట్టిన బండిని ఆదాయపు పన్ను చట్టం మన జీతంలో కలపదు. పన్ను పేరు చెబితే ఊరుకోకండి. రాత్రి కాల్ ఆలస్యమైతే ఇల్లు చేరేదెలా అన్న బెంగతోనే కారు తీసేవాళ్లున్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ఆలస్యమైన రోజున ఇంటిదాకా క్యాబ్ ఖాయమని రాసివ్వమనండి.

ఓఆర్ఆర్ పక్కన 2023లో సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ వేశారు. మే నెలలో దాని మీద వచ్చినవాళ్లు చెమట చొక్కాతో మీటింగులో ఎలా కూర్చుంటారు? స్నానాల గది, లాకరు కావాలి. జిమ్‌కు చోటున్న బిల్డింగులో వీటికి లేదంటే నమ్మకండి.

అందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా ఆఫీసు వేళలు మార్చమని కూడా అడగండి. కుదరదంటారా? 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు మూడు విడతలుగా లాగౌట్ కమ్మన్నారు. వానకు కుదిరింది ఎండకు కుదరదా?

అడగందే అమ్మైనా పెట్టదు. ఈ సోమవారం లంచ్‌లో మీ టీమ్‌లో ఎవరు ఏ వైపు నుంచి వస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. కూకట్‌పల్లి వాళ్లు ముగ్గురు తేలితే మంగళవారం నుంచే ఒకే కారు! అదే కాగితం కింద మన కోరికలు రాసి, సంతకాలు చేసి హెచ్ఆర్‌కు, అడ్మిన్‌కు ఇవ్వండి. మొదటి సంతకం మేనేజర్లతో పెట్టించండి. రిజర్వుడు పార్కింగ్ వాళ్లదే కదా మరి!

ఇట్లు,
ఐటీ కారిడార్‌లో మీ తోటి ఉద్యోగులు

(చదివాక పారేయకండి. పక్క క్యూబికల్‌కు అందించండి.)