తొలి క్లబ్బు ఏది?

పోయిన వారం కర్ణాటకలో సింధనూరు దగ్గర మా క్యాంపులో నాలుగు రోజులున్నాను. అక్కడ ఒక కరపత్రం చేతికొచ్చింది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన వాళ్లకి టీషర్టు, మెడల్ ఇస్తారట. పైన పెద్దక్షరాలతో ‘ఈ ప్రాంతపు తొలి రన్నర్స్ క్లబ్’ అని ఉంది. క్లబ్బు పెట్టడం మంచిదే, నలుగురూ పరిగెత్తాలి. ‘తొలి’ అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి కుక్కలు మొరిగితే గుమ్మంలోకొచ్చాను. రోడ్డు మీద సెల్‌ఫోన్ టార్చీలు ఊగుతూ వస్తున్నాయి. తొమ్మిది మంది కుర్రాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. సగం రోడ్డంతా ఆరబోసిన వడ్లే. పట్టా ఎగరకుండా అంచున రాళ్లు పెట్టారు. ఆ రాళ్లు తప్పించుకుంటూ, ఎదురొచ్చే కోత మిషన్ లైట్లకి కళ్లు చికిలించుకుంటూ పరుగు. ఒక కుర్రాడి చీలమండకి పాత తువ్వాలు ముక్క కట్టి ఉంది.

“తూము దాకా ఎనిమిది వందలు బాబాయ్, బండి మీటర్ చూసి గుర్తు పెట్టుకున్నాం. పోయి రావాలి” అన్నాడు.

వీళ్ల పరుగు పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం. కర్ణాటకలో పోలీసు కానిస్టేబుల్‌కి మగవాళ్లు 1600 మీటర్లు 6 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. సైన్యంలో అగ్నివీర్‌కి అదే దూరం 5 నిమిషాల 30 సెకన్ల లోపు అయితే ఆ పరుగుకి 60 మార్కులూ వస్తాయి. తిన్నటి రోడ్డు మీద సాధన చేసినవాడికి ట్రాక్ మలుపు అలవాటుండదు. గుంపులో పడి లోపలి గీత వదిలేసి రెండో లేనులో పోతే, ఒక్కో చుట్టుకీ ఏడు మీటర్ల పైన అదనం. నాలుగు చుట్లకి దాదాపు ముప్ఫై మీటర్లు. పోలీసు పరుగు వేగంలో అది ఏడు సెకన్లు. ఏడు సెకన్లు పోతే ఉద్యోగం పోయినట్టే. ఇది వాడి కాళ్లలో లోపం కాదు, ఊళ్లో 400 మీటర్ల మట్టి ట్రాక్ లేకపోవడం.

తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయి ఎడమ కాలువ నీళ్లొచ్చాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి మా పెద్దలొచ్చి ఈ నల్లరేగడిలో వరి వేశారు. క్యాంపులు అలా పుట్టాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కాలువ గట్టు మీద పరుగు చూస్తున్నాను. ఒక జట్టుకి ఉద్యోగాలొచ్చి వెళ్లిపోతే తర్వాతి జట్టు దిగుతుంది. పేరు లేదు, అధ్యక్షుడు లేడు. మా చిన్నప్పుడు ఒక పీటీ మాస్టారు పొడుగాటి లెక్కల పుస్తకంలో తేదీ, పేరు, దూరం, టైము రాసేవారు. ఆయన రిటైరై వెళ్లాక ఆ పుస్తకం ఎటు పోయిందో.

లండన్‌లో బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న పదమూడు మంది పరిగెత్తారు. వాళ్ల టైములు ఎవరో రాసి పెట్టారు కాబట్టే పార్క్‌రన్ అనే వారపు పరుగు ఎక్కడ పుట్టిందో లోకమంతా చెప్పుకుంటోంది. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ క్లబ్బుకీ చరిత్ర ఉంది. మా గట్టుకి లేదా? ఉంది, రాసినవాడు లేడు.

అసలు నా బాధ పీటీ మాస్టార్ల గురించి. విశాఖలో జ్యోతి యర్రాజిని హర్డిల్స్‌కి పంపింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. వరంగల్ జిల్లా కల్లెడలో జీవంజి దీప్తి పరుగుని ముందు పసిగట్టిందీ పీటీ సారే. ఆ అమ్మాయి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కంచు పతకం తెచ్చింది. అలాంటి మాస్టారి పోస్టు ఖాళీ అయితే, గణితం పోస్టు ఖాళీ అయినప్పుడు అడిగినట్టు ఏ తల్లిదండ్రులైనా అడిగారా? ఆటల పీరియడ్ తీసేసి సిలబస్ నడిపిస్తే మనమే సంతోషిస్తాం. మైదానంలో సభలకి గుంజలు పాతి, గుంతలు పూడ్చకుండా పోతే అదీ అడగం.

కరపత్రం వేసినవాళ్లకి నాదొక్కటే మనవి. ఫీజు డబ్బులో కొంత తీసి ఎర్రమట్టి కొట్టించండి, నాలుగు వందల మీటర్లు కొలిచి సున్నం గీత వేయించండి. పోలీసు పరీక్షలో ఆడపిల్లల పరుగు 400 మీటర్లు, రెండు నిమిషాలు. ఆ తెల్లవారుజామున చూసిన ఇద్దరిలో ఒకమ్మాయి వెనక వాళ్లమ్మ స్కూటీ మీద లైటేసుకుని రోజూ తూము దాకా పోతోంది. పాలు పితికే వేళ అది. గేదె అరుస్తుంటే ఆవిడ ఇంటి వైపు చూస్తూనే బండి నడుపుతోంది.