పంకా తాడుకు ఆ చివర

పాత కచేరీ భవనాలను చూసినప్పుడల్లా మన మిత్రులు కొందరికి ఒక పారవశ్యం కలుగుతుంది. మూరెడు మందాన డంగుసున్నపు గోడలు, రెండు నిలువుల ఎత్తున కప్పు, కప్పు కింద రోషందాన్లు, చుట్టూ వరండా... "ఏసీ అక్కరలేకుండా కట్టారండీ, అదీ ఆనాటివాళ్ళ తెలివి!" అంటారు. ఈ మాట నేను పదిసార్లు చదివాను, ఇరవైసార్లు విన్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండుసార్లు నేనే రాశాను. ఇప్పుడు వెనక్కు తీసుకుంటున్నాను. అది సగం నిజం. మిగిలిన సగం తాడు పట్టుకుని గోడకు అవతల కూర్చునేది.

పోయిన వేసవిలో ఒక భూమి కాగితం పనిమీద, మా కాజీపేటకు ఎంతో దూరంలేని ఒక సర్కారు దఫ్తరుకు నాలుగు రోజులు తిరిగాను. ఏ దఫ్తరో చెప్పను. అటువంటివి చాలా ఉన్నాయి. నిజాం కాలపు భవనం. లోపలి గదులకు ఏసీలు బిగించారు. చల్లగాలి బయటికి పోకుండా రోషందాన్లకు ప్లైవుడ్డు కొట్టారు, ఎత్తు కప్పు కింద ఫాల్స్ సీలింగు వేలాడదీశారు. మరి బయట ఉండవలసిన యంత్రాలు ఎక్కడ పెట్టాలి? ఎండలో పెడితే పాడవుతాయట! వరండాలో వరుసగా పెట్టారు. ఆ వరండాలోనే అర్జీదారులు కూర్చుంటారు. ఒక ముసలమ్మ సంచీ చంకన పెట్టుకుని మూడుసార్లు చోటు మార్చుకుంది. ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక పెట్టె ఆమె ముఖంమీదికి ఊదుతూనే ఉంది. చివరికి వేపచెట్టు కిందికి పోయింది. అక్కడికి పిలుపు వినబడదు. పిలిచారు. వినబడలేదు. మరునాడు రమ్మన్నారు.

ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. బావిలో నీరు తోడినట్లు లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా పనిచేస్తున్నప్పుడు గదిలోనుండి సుమారు 5.3 కిలోవాట్ల వేడిని లాగుతుంది. అందుకు అది తినే ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు కూడా చివరికి వేడిగానే మారి దానికి తోడవుతుంది. అంటే ఒక్కొక్క పెట్టె దరిదాపు 7 కిలోవాట్లు వరండాలోకి వదులుతున్నది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు ఏడు తెచ్చి, అర్జీదారుల బల్ల పక్కన నిలబెట్టి, మీట నొక్కినట్లన్నమాట. ఒక పెట్టెకు ఏడు. అక్కడ ఆరు పెట్టెలున్నాయి.

సరే, ఇది ఈనాటి దుర్మార్గం, పాతకాలంలో ఇలా లేదు కదా అంటారా? ఆ మాటకే వస్తున్నాను.

ఆ 'ఏసీ అక్కరలేని' గదిలో కప్పునుండి ఒక పొడవాటి గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడకు చేసిన రంధ్రం గుండా, కప్పీ మీదుగా వరండాలోకి వచ్చేది. తాడు చివర ఒక మనిషి. పగలంతా లాగేవాడు, వేసవి రాత్రులలో వంతులు వేసుకుని తెల్లవార్లూ లాగేవారు, చేయి పడిపోతే కాలికి కట్టుకుని వెల్లకిలా పడుకుని లాగేవారు. కిటికీలకు వట్టివేళ్ళ తడికెలుంటే వాటిమీద నీళ్ళు చల్లడానికి ఇంకొకడు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో విద్యుత్ పంకాలు వచ్చేదాకా కచేరీని చల్లబరచిన యంత్రం ఈ మనిషే. గోడ మందం వేడిని ఆలస్యం చేస్తుంది, అంతే. సాయంత్రానికి అది లోపలికి దిగుతుంది, రాత్రి చల్లగాలి ఆడితే తప్ప పోదు. మే నెలలో ఓరుగల్లు రాత్రి గాలి ఎంత చల్లనిదో ఇక్కడివాళ్ళకు నేను చెప్పాలా?

కునుకుపట్టిన పంకా కూలీని బూటుకాలితో తన్నడం బ్రిటిషు ఇండియాలో వింతేమీ కాదు. ఆ తన్నులకు చనిపోయినవాళ్ళున్నారు. న్యాయస్థానంలో ముద్దాయి దొరకు ఒక సిద్ధమైన జవాబు ఉండేది: చనిపోయినవాడికి మలేరియావల్ల ప్లీహం ఉబ్బి ఉంది, చిన్న దెబ్బకే పగిలింది. మన పల్లెలలో దీనినే కడుపులో బల్ల అంటారు. కనుక తప్పు తన్నినవాడిది కాదు, బల్లది! ఈ వాదం ఒకటి కాదు, ఎన్నోసార్లు నెగ్గింది. జరిమానాతోనో కొద్దిపాటి ఖైదుతోనో కథ ముగిసేది. సామ్రాజ్యాన్ని తలకెత్తుకున్న కర్జన్‌కే ఇటువంటి తీర్పులు తలవంపులుగా తోచాయి. ఆ తీర్పులు చెబుతున్నప్పుడు జడ్జీగారి నెత్తిమీద కూడా ఒక పంకా ఊగుతూనే ఉండేదని మరవకండి.

"అది బ్రిటిషువాళ్ళ గొడవ, మనది నిజాం రాజ్యం" అని తప్పుకోవడానికి వీలులేదు. పంకా మాటా మనదే, వస్తువూ మనదే. తెల్లవాళ్ళు రాకముందే మన కొలువులలో ఉంది. తెలంగాణలో దొర అనే మాటకు తెల్లవాడని ఒక్కటే అర్థం కాదు కూడా. తాడుకు ఈ చివర దొరలు మారారు. ఆ చివర మనిషి మారలేదు.

ఎండలో బుర్ర పనిచేయదనేది ఆనాటి దొరతనపు సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీదనే 1864నుండి మొత్తం ప్రభుత్వమే ప్రతి వేసవికీ సిమ్లా ఎక్కింది. మద్రాసు ప్రభుత్వం ఉదకమండలం ఎక్కింది. ఇక్కడ ఒక్క క్షణం పక్కకు పోనివ్వండి. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చున్నప్పుడు పంకా వేయించుకోలేదు. గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయి కనుక. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆ ఏడాది ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా జీవిని చూశాడు. పంకా కూలీల కడుపులో బల్ల పెంచిన జీవి అదే! తాడు ఆగిపోయిన గదిలో అది దొరకడం నాకు తమాషాగా ఉంటుంది. ఇందువల్ల అందరూ చెమటలో మగ్గాలని నేననను. ఆయన మగ్గి బాధపడ్డాడు కూడా.

యంత్రాల ఆలోచన అప్పటికే లేకపోలేదు. గాలిని ఒత్తి, చల్లార్చి, మళ్ళీ వ్యాకోచింపజేసి ఉష్ణదేశాలలోని గదులను చల్లబరచవచ్చునని స్కాట్లాండు ఖగోళ శాస్త్రజ్ఞుడు పియాజీ స్మిత్ 1850 ప్రాంతంలోనే ప్రతిపాదించాడు. అది కచేరీలకు ఎక్కలేదు. కూలీ అంత చవకగా దొరుకుతుంటే యంత్రం ఎవరికి కావాలి అన్నదే నా అనుమానం. మంచు మాత్రం వచ్చింది. 1833లో బోస్టను నుండి ఓడలో కలకత్తాకు, 1842 నాటికి మద్రాసులో దానికొక ఐస్ హౌసు. ఏసీని మనం టన్నులలో కొలవడం ఆ మంచు పుణ్యమే: ఒక టన్ను మంచు ఒక రోజులో కరిగితే ఎంత వేడిని మింగుతుందో అది ఒక టన్ను. ఆఖరికి 1902లో క్యారియర్ తొలి యంత్రాన్ని బిగించినది బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో. మనుషులకోసం కాదు, తేమకు కాగితం సాగి రంగులు చెదరకుండా. మన దఫ్తరులలోనూ అంతే కదా! ఎన్నోచోట్ల మొదటి ఏసీ కంప్యూటరు గదికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్లు పోయేవాళ్ళం. పెట్టెకు చలువ, గుమాస్తాకు ఉక్క.

మా ఊరి సంగతి రైలు లేకుండా పూర్తికాదు. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి మద్రాసు–ఢిల్లీ బండ్లు మా ఊరిమీదుగా సాగాయి. ఈ దేశంలో 1934లోనే ఫ్రాంటియర్ మెయిలులో పెట్టె అడుగున మంచుగడ్డలు పేర్చి, వాటిమీదుగా గాలిని పంపి, పైతరగతివారిని చల్లగా తీసుకుపోయారు. మా నాన్నగారు ఆవిరి ఇంజన్లమీద ఫైర్‌మన్‌గా చేశారు. మే నెలలో డ్యూటీ దిగి ఇంటికి వస్తే అమ్మ మొదట ఆయన మణికట్లమీద కుండనీళ్ళు పోసేది. మాటలు ఆ తరువాతనే. అదే బండిలో వెనక ఏసీ పెట్టె ఉండేది. ఇంజనులో ఏసీ పెడితే డ్రైవరు నిద్రపోతాడని పెద్దమనుషులు చెప్పగా నా చెవులారా విన్నాను. పంకా కూలీకి ఒకడు గొడుగు పడితే వాడు నిద్రపోడా అన్నట్లు! 558 రన్నింగు రూములకూ ఏసీ పెట్టామనీ, 7,000కు పైగా ఇంజన్లలో ఏసీ అమర్చామనీ 2024లో రైల్వేమంత్రి లోక్‌సభలో చెప్పారు. సంతోషం. ఫ్రాంటియర్ మెయిలునుండి తొంభై ఏళ్ళు! వెనకపెట్టెనుండి ముందరి ఇంజనుకు చల్లగాలి నడిచిన కాలం అది.

కనుక నేను ఏసీకి శత్రువును కాను. 2015 మే నెలలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కలిపి వెయ్యికి పైగా మనుషులు పోయారు. ఆ తరువాత కూడా మట్టిగోడలు, వట్టివేళ్ళు అని కబుర్లు చెప్పడానికి నాకు నోరు రాదు. నా పేచీ వరుస గురించి. కచేరీలో చల్లదనం ఎప్పుడూ కుర్చీ ఎత్తును బట్టి వచ్చింది, వేడి ఎప్పుడూ వరండాలోకే పోయింది. ఒకప్పుడు మనిషి లాగేవాడు, ఇప్పుడు కంప్రెసరు లాగుతున్నది. మొదటి ఖర్చు వరండాలో పెట్టండి: నీడ, ఫ్యాన్లు, కుండలో నీళ్ళు, పిలుపు వినబడే ఏర్పాటు. బయటి యంత్రాలను జనం కూర్చునేచోటునుండి తీసి గోడకు వెనకవైపు, కాకుంటే డాబామీద, ఒక చిన్న చూరు కింద పెట్టండి. ఎండకు పాడయ్యేది ఏమీ లేదు, కాస్త గొట్టం ఖర్చు ఎక్కువ. రోషందాన్లకు కొట్టిన ప్లైవుడ్డు ఊడదీసి తెరుచుకునే తలుపులు పెట్టించండి. ఇప్పుడు కరెంటు పోతే అటు పాత భవనమూ కాక, ఇటు కొత్త భవనమూ కాక, లోపలివాళ్ళకు కూడా అది కొలిమి అవుతున్నది. నాలుగు రోజులలో రెండుసార్లు పోయింది. రెండుసార్లూ అధికారులు మా వరండాలోకే వచ్చి నిలబడ్డారు. యంత్రాలు ఆగాయి కనుక అక్కడ అప్పుడు కొంచెం చల్లగానే ఉంది.

నా కాగితం ఇంకా రాలేదు. ఆ ముసలమ్మది వచ్చిందో లేదో కనుక్కోవాలి.