సమతూకం కుదిరిన తరువాత

కర్మాగారంలో పర్మిట్టు చేతికందనిదే పనికి ఉపక్రమించని మనం, బిడ్డ పది గజాలు పడకుండా సైకిలు తొక్కగానే విద్య పూర్తయినదని భావించి వీధిలోకి పంపివేస్తున్నాము. బడులు తెరిచే తరుణం గనుక ఈ మారు ఆ విషయమే ప్రస్తావించదలచాము.

2021లో కేంద్ర ప్రభుత్వ 'ఇండియా సైకిల్స్ ఫర్ ఛేంజ్' పోటీలో పురస్కారానికి ఎంపికైన 11 నగరాలలో మన సూరత్ ఉన్నది. ఇక్కడి తెలుగు నేత కుటుంబాలలో పలువురికి స్వస్థలమైన వరంగల్లు కూడా ఉన్నది. సంతోషమే. అయితే హజీరా దారిన వచ్చే లారీలకు ఈ సంగతి తెలియదు కదా!

సమతూకం నేర్పడం సులభం. పెడళ్లు విప్పి, రెండు పాదాలూ నేలకు ఆనేటట్లు సీటు దించితే, నేలను తన్నుకుంటూ బిడ్డ తానే నేర్చుకుంటుంది. సీటు పట్టుకుని వెంట పరుగెత్తితే బండి ఏ ప్రక్కకు ఒరుగుతున్నదో దానికి తెలియనే తెలియదు.

అసలు పరీక్ష వెనుదిరిగి చూడడం. తల కుడికి తిరిగితే చేతులూ తిరుగుతాయి, సైకిలు రోడ్డు మధ్యకు పోతుంది. కాలనీ మైదానంలో ముగ్గుపిండితో పొడవైన గీత గీయండి. గీత వదలకుండా తొక్కుతూ, వెనుకనున్న మీరు ఎన్ని వ్రేళ్లు చూపారో చూసి చెప్పమనండి. అది అలవడిన పిదపనే చేయి చాచి సైగ చేయడం నేర్పవచ్చును.

ఇక లారీ. ఎడమకు మళ్లేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి జరిగి వస్తాయి. ఆ ప్రక్కనే ఆనుకుని ఉన్న సైకిలు డ్రైవరు కంట పడకపోవచ్చును. మాటలతో చెబితే పిల్లలు నమ్మరు. ఇంజను ఆపి నిలిపిన లారీలో, డ్రైవరు అనుమతితో, బిడ్డను అతని సీటులో కూర్చోబెట్టి, తోటి పిల్లవానిని ఎడమ తలుపు క్రింద నిలబెట్టి చూపండి. స్నేహితుడు ఎంతవరకు మాయమగునో తానే చెబుతుంది. మా ఉపదేశాలన్నిటికన్న అది మేలు.

వానలలో తడిసిన రిమ్ముపై బ్రేకు ఆలస్యంగా పట్టుతుంది. కాస్త ముందుగానే, రెండు బ్రేకులూ కలిపి నొక్కడం అలవాటు చేయాలి.

సైకిలుకు ఇంత శిక్షణ ఎందుకని, లైసెన్సు లేని బిడ్డకే స్కూటరు తాళం ఇచ్చేవారూ ఉన్నారు. 2019 సవరణ చట్టం ప్రకారం అందుకు సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు జైలుశిక్ష.

బడికి తొలిసారి పంపే ముందు ఒక ఆదివారం ఉదయం ఆ దారినంతా కలిసి తొక్కండి: బిడ్డ ముందు, మీరు వెనుక, కొంచెం కుడిగా. తరువాత బడివేళ రద్దీలో మరల ఒకసారి. షిఫ్టులలో ఉన్నవారికి ఇది కష్టమని ఎరుగుదుము. పొరుగింటివారితో వంతులు వేసుకోవచ్చును.