కంప్యూటరు మార్పులు - కౌంటరులోని మాట

రాయపూర్ నుండి దుర్గ్ వెళ్లే రైలు మార్గంలో కుమ్హారి ఒక చిన్న స్టేషను. దానికి పడమరన కొద్ది దూరంలోనే భిలాయి ఉక్కు కర్మాగారం ఉన్నది. 1955లో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకొని, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఆ కర్మాగారం దశాబ్దాలుగా మన రైల్వేలకు పట్టాలు అందిస్తున్నది. నేడు అక్కడ 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా తీస్తున్నారు. అట్టి రెండింటిని అతికి 260 మీటర్ల ప్యానెలుగా పంపుతున్నారు.

ఉక్కు చల్లబడిన పిమ్మట కొలత తప్పినదని వగచి ప్రయోజనం లేదు. కనుక పట్టా విషయంలో లెక్క అంతా ముందే తేలవలసి ఉన్నది. కంప్యూటరు ప్రోగ్రాములను కూడా చాలాకాలం ఇదే తీరున తయారు చేశారు. కావలసినవన్నీ మొదటనే కాగితం మీద వ్రాసుకొనుట, తరువాత రూపకల్పన, తరువాత రచన, తరువాత పరీక్ష, చివరకు అప్పగింత. దీనికి జలపాత పద్ధతి అని పేరు. జారిన నీరు వెనుకకు ఎక్కనట్లే, దాటిన దశకు తిరిగిపోవుట ఇందులో కష్టం.

కాని మన కార్యాలయాల పని ఉక్కు వంటిది కాదు. 2024 నవంబరు 1 నుండి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజులకు బదులు 60 రోజులైనది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేశారు. నిబంధనలు ఇట్లు మారుతూనే ఉంటవి. మూడేళ్ల క్రిందట వ్రాసుకొన్న కోరికల జాబితా ప్రకారం తయారైన ప్రోగ్రాము, చేతికి వచ్చేనాటికే పాతబడుతున్నది.

ఈ చిక్కును ఎదుర్కొనుటకు 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ఒక ప్రకటన వెలువరించారు. దానికి ఎజైల్ ప్రకటన అని పేరు. ఎజైల్ అనగా చురుకైనది, వెంటనే మలుపు తిరుగగలిగినది. పరికరాల కంటె మనుషులు, గుట్టల కొలది పత్రాల కంటె పనిచేసే ప్రోగ్రాము, ఒప్పంద షరతుల కంటె వాడుకరితో సహకారం, వేసుకొన్న ప్రణాళిక కంటె మార్పుకు స్పందన ఎక్కువ విలువైనవని దాని సారాంశం. పత్రాలు, ప్రణాళికలు అక్కరలేదని మాత్రం అందులో లేదు.

ఆచరణలో ఇది ఎట్లు సాగుతుంది? మిక్కిలి వాడుకలో ఉన్న స్క్రమ్ పద్ధతిలో, చేయవలసిన పనులను అవసరాన్ని బట్టి వరుసగా వ్రాసుకొంటారు. నెలకు మించని చిన్న గడువులో, పైనున్న కొన్ని పనులను పూర్తి చేస్తారు. ఈ గడువును స్ప్రింట్ అంటారు. ప్రతిదినం 15 నిమిషాలు కూడి, పని ఎంతవరకు వచ్చినది, ఎక్కడ అడ్డు తగిలినది చెప్పుకొంటారు. గడువు ముగియగానే తయారైన భాగాన్ని సంబంధించినవారికి చూపి, తప్పొప్పులు విని, తరువాతి గడువుకు సాగుతారు. తప్పు మూడేళ్లకు గాక మూడు వారాలకే బయటపడుతుంది.

పేరు కొత్తదే గాని, ఒకచోట నిలిపి చూచి పిదప విస్తరించుట మనకు పరిచితమే. కాన్సర్ట్ రిజర్వేషను విధానం 1994లో మొదట సికింద్రాబాదులో అమలైనది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ అనుసంధానమైనవి. తపాలాశాఖ స్వయంగా, తన సాంకేతిక కేంద్రం ద్వారా తయారు చేసుకొన్న ఏ.పి.టి. విధానాన్ని 2025 మే, జూన్ నెలలలో కర్ణాటక సర్కిలులో ప్రయోగించి, అక్కడి అనుభవంతో లోపాలు సవరించి, ఆగస్టు 4 నాటికి దేశంలోని 23 సర్కిళ్లకూ విస్తరించినది.

ఇక మన హెచ్చరిక. మాటిమాటికి మార్పు అనగానే, సగం ఉడికినదాన్ని వడ్డించి తినేవారి చేత రుచి చెప్పించుకొనుట కాకూడదు. తెర మొరాయించినప్పుడు వరుసలో నిలిచిన ప్రజల ఆగ్రహాన్ని భరించేది ప్రోగ్రాము వ్రాసినవారు కారు. కౌంటరులోని గుమాస్తా, పల్లెలోని గ్రామీణ డాక్ సేవక్. సిగ్నళ్లు, ఇంటర్‌లాకింగ్ వంటి ప్రాణరక్షణ విషయాలలో ఏ మార్పైనా పూర్తి పరీక్ష దాటిన పిమ్మటనే మార్గం మీదికి రావలెను. నడిచే రైలు ప్రయోగశాల కాదు.

ఎజైల్ సూత్రాలు పన్నెండింటిలో ఒకదానిని మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలెను. పని చేయించేవారు, ప్రోగ్రాము వ్రాసేవారు, వాడేవారు, ముగ్గురూ అలసిపోకుండ ఎంతకాలమైనా నిలుపుకొనగల వేగంతోనే పని సాగవలెనని అది చెబుతున్నది. ఈ పద్ధతి పేరు చెప్పి అదనపు గంటలు పనిచేయమనేవారు ఆ సూత్రాన్ని చదవనివారై ఉండవలెను.

కనుక మేము కోరేది మార్పును ఆపమని కాదు. మొదటిది, ప్రతి దశలో తయారైన భాగాన్ని కౌంటరులో, సార్టింగులో, స్టేషనులో పనిచేసేవారికి ముందుగా చూపి వారి అభిప్రాయాన్ని నమోదు చేయవలెను. రెండవది, శిక్షణకు పని గంటలలోనే వ్యవధి ఇవ్వవలెను. మూడవది, కొత్త విధానంలోని లోపం వలన కలిగిన లెక్కల తేడాకు, ఆలస్యానికి ఉద్యోగిని బాధ్యుని చేయరాదు.

మన వంతు పని కూడ ఉన్నది. పనిచేయుట లేదని విసుగుకొని ఊరకుండక, ఏ తెరలో, ఏ మీట నొక్కగా, ఏమి జరిగినదో ఆనాడే వ్రాసి శాఖకు అందజేయవలెను. భిలాయిలో పట్టాను తీసేవారికి, దానిపై రైలు నడిచిన తీరును చెప్పగలిగేది ఆ మార్గాన్ని కాపాడే ట్రాక్‌మనే. సాఫ్ట్‌వేర్‌కు అట్టి ట్రాక్‌మన్ మనమే.