పళ్లు చూడని బేరం

దేవరగట్టు పేరు వినగానే తెలుగువారికి విజయదశమి నాటి అర్ధరాత్రి, కాగడాల వెలుగు, మాళమల్లేశ్వరస్వామి ఉత్సవంలో ఎదురెదురుగా లేచే కర్రలు గుర్తుకు వస్తాయి. ఆ ఒక్క రాత్రి దాటిన తరువాత హొళగుంద మండలంలోని ఆ గుట్టల చుట్టుపక్కల ఏడాది పొడుగునా వినిపించేది గొర్రెల మందల సవ్వడే. వానలు సరిగా పడని ఈ పడమటి కర్నూలు నేలలో గొర్రెను నమ్ముకొని బతుకుతున్న కుటుంబాలు అనేకం. మందలో ఏ గొర్రె మేత మానిందో, ఏది కాలు ఈడుస్తున్నదో, ఏది రేపో మాపో ఈనబోతున్నదో కాపరి దూరం నుంచే చెప్పగలడు. ఆ విద్య ఏ అంగడిలోనూ కొన్నది కాదు. తండ్రి వెంట మంద వెనుక నడిచిన కొడుకు కళ్లతో నేర్చుకొన్నది.

ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎద్దును కొనడానికి వచ్చిన రైతును గమనిస్తే ఈ విద్య మరొక రూపంలో కనిపిస్తుంది. అమ్మేవాడు తన ఎద్దును ఎంత పొగిడినా కొనేవాడు తలూపుతాడే గాని నమ్మడు. ముందుగా ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. రెండు పళ్లు వేసిందా, నాలుగా, ఆరా, నోరు నిండిందా అన్న దానిని బట్టి వయస్సు తేల్చుకొంటాడు. తరువాత గిట్టలు, మూపురం, ఒంటి మీది సుడులు. ఆపైన పది అడుగులు నడిపించమంటాడు. చివరకు పక్క ఊరి నుంచి వచ్చిన ఎవరినో పిలిచి, "ఏమంటావు మామా?" అని అడుగుతాడు. ఇదంతా అయిన తరువాతనే తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర మాట్లాడే ఘట్టం మొదలవుతుంది. అమ్మేవాడు చెడ్డవాడని కాదు ఈ జాగ్రత్త అంతా. అమ్మడం అతని పని, తెలుసుకోవడం కొనేవాని పని అన్న ఎరుక అది.

విచిత్రమేమిటంటే, ఆ రైతు ఇంటి బిడ్డే చదువు కోసం పట్టణానికి వచ్చి, పెంపుడు జంతువుల దుకాణం ముందు నిలబడినప్పుడు ఈ ఎరుక అంతా ఎక్కడికో పోతుంది. గాజు తొట్టిలో మెరిసే చేప, దూదిపింజ వంటి తెల్ల కుందేలు, పంజరంలో రంగురంగుల పిట్టలు అతని మనస్సును లాగుతాయి. ధర మాత్రం గట్టిగానే బేరమాడుతాడు. ఆ ప్రాణి ఏమి తింటుంది, ఎంత వేడిని తట్టుకొంటుంది, ఎన్ని సంవత్సరాలు బతుకుతుంది అన్న ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి దుకాణంలోని పనివాడు చెప్పిన రెండు ముక్కలే వేదమై కూర్చుంటాయి. "తమ్ముడూ, క్యారెట్ ముక్క వేస్తే చాలు. నీళ్లు మాత్రం పెట్టొద్దు, పెడితే చచ్చిపోతుంది" అంటాడు ఆ పనివాడు. ఎంతో నమ్మకంతో అంటాడు. అతనికీ ఎవరో అలాగే చెప్పారు.

కుందేలుకు నీళ్లు పెట్టరాదన్న మాట దేశంలో చాలా చోట్ల వినిపించేదే. అది పూర్తిగా అబద్ధం. 2 కిలోల బరువున్న కుందేలు రోజుకు 100 నుంచి 300 మిల్లీలీటర్ల వరకు నీరు తాగుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలి. పచ్చి ఆకులు మేసే కుందేలు తక్కువ తాగుతుంది గనుక, ఎవరో ఒకరు దానిని చూసి నీళ్లే అక్కర్లేదని అనుకొని ఉంటారు. ఆ పొరపాటు నోటి నుంచి నోటికి పాకి ఎన్ని కుందేళ్ల ప్రాణం తీసిందో లెక్క కట్టినవారు లేరు. వైశాఖ జ్యేష్ఠాలలో 40 డిగ్రీలు దాటే ఆదోని ఎండలో, రేకుల కప్పు కింద, నీరు లేని ఇనుప బోనులో ఉన్న కుందేలుకు ఆ సలహా మరణశాసనమే.

క్యారెట్ సంగతి కూడా అంతే. బొమ్మల కథలలో కుందేలు చేతిలో క్యారెట్ ఉంటుంది గనుక అదే దాని ఆహారమని అందరూ నమ్ముతారు. నిజానికి క్యారెట్‌లో చక్కెర ఎక్కువ. అది కుందేలుకు అప్పుడప్పుడు పెట్టదగిన తాయిలం మాత్రమే. దానికి కావలసింది గడ్డి, అందులోనూ ముఖ్యంగా ఎండుగడ్డి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గరుకైన గడ్డిని రోజంతా నమిలితేనే అవి అరిగి అదుపులో ఉంటాయి. మెత్తని తిండి మాత్రమే తిన్న కుందేలుకు దంతాలు పెరిగి, వంకరపోయి, నాలుకను బుగ్గను గీరుతాయి. అప్పుడది ఆకలి ఉన్నా తినలేదు. ఒక రోజంతా మేత లేకపోతే చాలు, పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదకు వస్తుంది. చిన్ననాటి నుంచి జొన్నచొప్ప మోపులు మోసిన పిల్లవాడు, గడ్డి తినే ప్రాణికి గడ్డి పెట్టకుండా బజారుకు పోయి క్యారెట్లు కొనడం కంటె వింత ఏముంటుంది?

చెవులు పట్టుకొని ఎత్తమని చెప్పడం మరో దురాచారం. కుందేలు ఒంటి వేడిని బయటకు పంపేది ముఖ్యంగా ఆ చెవుల ద్వారానే. అవి పలుచని రక్తనాళాలతో నిండిన సున్నితమైన అవయవాలు, పిడులు కావు. అసలీ కుందేలు మన చేలగట్ల మీద పరుగెత్తే చెవులపిల్లి కాదు. దుకాణాలలో అమ్మే పెంపుడు కుందేలు ఐరోపాలో నేల కింద బొరియలు తవ్వుకొని, ఆ చల్లదనంలో పగలు గడిపిన జాతి నుంచి వచ్చింది. ఆ ఒక్క విషయం తెలిస్తే చాలు, బోనును ఎండలో పెట్టకూడదని మరెవరూ చెప్పనక్కరలేదు.

ఇదే కథకు ప్రపంచంలో మరో కొసన చించిల్లా అనే చిన్న జంతువు ఉంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు దాని పుట్టిల్లు. ఉడుతకూ కుందేలుకూ నడుమ రూపం. ఒక్కొక్క రోమకూపం నుంచి 50కి పైగా వెంట్రుకలు మొలిచే దట్టమైన బొచ్చు దానికి రక్ష. ఆ బొచ్చే దానికి శాపం కూడా అయింది. కోట్ల కొలది చర్మాల కోసం వేటాడి ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టారు. 1923లో మథియాస్ చాప్‌మన్ అనే గనుల ఇంజనీరు చిలీ దేశం నుంచి 11 చించిల్లాలను అమెరికాకు చేర్చాడు. చాప్‌మన్ కూడా బొచ్చు వ్యాపారం కోసమే ఆ పని చేశాడు. కరుణామూర్తి ఏమీ కాడు. అయినా ఆ ప్రాణి స్వభావం అతనికి తెలుసు. కొండల మీద నుంచి వాటిని ఒక్కసారిగా దించలేదు. నెలల తరబడి మెట్టుమెట్టుగా, అలవాటు పడనిస్తూ దించాడు. ఓడలో బోనుల దగ్గర మంచు ఉంచి ఎండవేడిమి తగలకుండా కాపాడాడు. అక్కడి ఇళ్లలో నేడు పెరుగుతున్న చించిల్లాలలో అత్యధిక భాగం ఆ కొద్ది ప్రాణుల సంతతే.

వంద సంవత్సరాల క్రితం వ్యాపారికి తెలిసిన ఆ సంగతి నేటి దుకాణాలలో చాలామందికి తెలియదు. చించిల్లా 25 డిగ్రీలు దాటితేనే అవస్థ పడుతుంది. దానికి చెమట పట్టదు గనుక ఫంకా గాలి వల్ల చల్లబడదు. అయినా "ఫ్యాను కింద పెట్టండి" అని చెప్పేవారు ఉన్నారు. దానిని నీటితో కడగరాదు. తడిసిన బొచ్చు త్వరగా ఆరక చర్మానికి బూజు రోగం పడుతుంది. మెత్తని ధూళిలో పొర్లి అది తన ఒంటిని తానే శుభ్రం చేసుకొంటుంది. అయినా షాంపూ సీసా చేతికిచ్చి పంపేవారు ఉన్నారు. గడ్డికి బదులు బాదం పప్పు, ఎండుద్రాక్ష పొట్లం అంటగట్టేవారు ఉన్నారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, దుకాణంలో ఏ సరుకు ఉంటే ఆ సరుకే ఆ ప్రాణికి హితమైనదిగా మారిపోతుంది. చించిల్లా ఎమ్మిగనూరు బజారులో కనిపించే జంతువు కాదు. కాని సలహా పుట్టే తీరు అక్కడా ఇక్కడా ఒకటే.

చేపల విషయంలో ఈ తీరు మరీ స్పష్టం. గుండ్రని గాజు పాత్ర, అందులో ఒక బంగారు చేప, గుప్పెడు రంగురాళ్లు. ఇంత అమ్మి, "వారానికొకసారి నీళ్లన్నీ పారబోసి, పాత్ర కడిగి, కొత్తనీళ్లు పోయండి" అని చెబుతారు. బంగారు చేప సరిగా పెరిగితే జానెడు దాటుతుంది, 10 సంవత్సరాలకు పైగా బతుకుతుంది. ఆ పాత్రలో అది కొన్ని వారాలు గడపడమే గొప్ప. చేప విసర్జించే మలినం నుంచి అమోనియా పుడుతుంది. దానిని విరిచి హాని తగ్గించే సూక్ష్మజీవులు రాళ్ల మీద, ఇసుకలో మెల్లగా పెరుగుతాయి. అన్నిటినీ తోమి కడిగితే ఆ మేలుచేసే జీవులూ పోతాయి. పైగా కుళాయి నీటిలోని క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుంది. చేప చచ్చిపోతే కొనుగోలుదారు మళ్లీ అదే దుకాణానికి వచ్చి ఇంకొకటి కొంటాడు. "దిష్టి తగిలింది" అని ఇంట్లో అనుకొంటారు. దిష్టికి పాపం ఇన్ని నేరాలు మోయవలసి వస్తున్నది.

ఇక రామచిలుక. దానికి ఏమి పెట్టాలన్న సలహా కంటె ముందు, అది అమ్మకానికి పనికిరాదన్న మాట చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. నక్షత్ర తాబేలుకూ అంతే. ఇంటికి అదృష్టం తెస్తుందని దానిని చాటుగా అమ్మేవాడు కొనేవానికి జైలు రావచ్చునని చెప్పడు.

అయితే దోషమంతా దుకాణదారు మీదకు నెట్టివేయడం న్యాయం కాదు. చాలా దుకాణాలలో సలహా చెప్పేది నెల జీతానికి పనిచేసే కుర్రవాడు. పదవ తరగతి దాటి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కుందేలు గురించి అతనికి చెప్పినవాడు పెద్ద నగరం నుంచి బుట్టలలో ప్రాణులను తెచ్చే టోకు వ్యాపారి. ఆ వ్యాపారికి కావలసింది బుట్ట ఖాళీ కావడం. తెలియదని చెబితే బేరం పోతుందన్న భయం కుర్రవానిది. కాబట్టి అతడు ఏదో ఒకటి చెబుతాడు. చెప్పగా చెప్పగా తానే నమ్ముతాడు.

పత్తికి పేరుపొందిన ఆదోని ప్రాంతానికి ఈ పరిస్థితి కొత్తది కాదు. పైరుకు పురుగు పట్టినప్పుడు రైతు మొదట పరుగెత్తేది మందుల దుకాణానికే. అక్కడ చెప్పిన మందు, చెప్పిన మోతాదు కొడతాడు. ఆ సలహా తప్పితే ఏమవుతుందో అప్పులలో మునిగిన ఇళ్లకు బాగా తెలుసు. ఈ వాస్తవాన్ని గుర్తించి హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, మేనేజ్, 2003లో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల వ్యాపారుల కోసమే ఒక సంవత్సరం డిప్లొమా శిక్షణను ప్రారంభించింది. రైతు ఎలాగూ దుకాణంలోనే అడుగుతాడు గనుక దుకాణదారుకే చదువు చెబుదామన్నది ఆ ఆలోచన. అది వివేకమైన ఆలోచన. పెంపుడు జంతువులను అమ్మేవారికి మాత్రం అటువంటి చదువును ఎవరూ తలపెట్టలేదు.

నియమాలు లేకపోలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు నియమాలు ప్రకటించింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోనిదే ఇటువంటి దుకాణం నడపరాదు. ప్రాణులకు చోటు, నీరు, గాలి ఎలా ఉండాలో అందులో ఉంది. అయితే చిన్న పట్టణపు సందులో పంజరాలు వేలాడదీసిన కొట్టు దాకా ఆ కాగితం నడిచి రావడం అంత తేలిక కాదు. దాని కంటె ముందుగా చేయదగిన పని ఒకటి ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వంటి సంస్థ కుందేలుకు ఒకటి, చేపకు ఒకటి, కుక్కపిల్లకు ఒకటి చొప్పున, తెలుగులో, ఒక్క పుట సూచనలు తయారుచేసి, ప్రతి అమ్మకంతో పాటు దుకాణం వాటిని ఇవ్వవలసిందేనని ప్రభుత్వం పట్టుబడితే సగం అజ్ఞానం తొలగుతుంది. పెద్ద ఖర్చు లేదు. కుర్రవాడు తెలియనిది కల్పించి చెప్పవలసిన అవస్థ తప్పుతుంది.

ప్రాణులను పోషించడం శాస్త్రంగా ఎదిగిన దేశమిది. పాలకాప్యుడి పేర ఏనుగుల వైద్యానికి ఒక గ్రంథం ఉంది. మనుమంచిభట్టు గుర్రాల లక్షణాలను తెలుగులో కావ్యంగా చెప్పాడు. విరాటుని కొలువులో అజ్ఞాతవాసం గడపడానికి వచ్చిన నకుల సహదేవులు గుర్రాలను, ఆవులను కాచే పనిలో చేరారు. రాజకుమారులై ఉండి కూడా, తమకు ఆ ప్రాణుల రోగాలు, స్వభావాలు తెలుసునని చెప్పుకొన్న తరువాతనే వారికి ఆ పని దక్కింది. కొట్టాన్ని అప్పగించే ముందు విరాటుడు అడిగినంత మాత్రమైనా, కుందేలును ఇంటికి తెచ్చుకొనేవాడు దుకాణంలో అడగవచ్చు. ఇది ఎక్కడ పుట్టిన జాతి? అక్కడ ఏమి తినేది? ఇప్పుడు దీని వయస్సెంత? ఎన్నాళ్లు బతుకుతుంది? జబ్బు చేస్తే దీనిని చూడగల పశువైద్యుడు ఈ ఊళ్లో ఉన్నాడా? వచ్చిన సమాధానాలను మరొక చోట, తెలిసినవారితో సరిచూసుకోవడానికి ఒక వారం ఆగినా నష్టం లేదు.

సమాధానాలు సరిగా లేకపోతే కుర్రవాడు ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లవలసి రావచ్చు. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దు నచ్చని రైతు కూడా వట్టి పలుపుతాడు భుజాన వేసుకొని ఊరికి తిరిగి వస్తాడు. ఊళ్లో ఎవరూ అతణ్ణి చూసి నవ్వరు. "పళ్లు బాగా లేవా?" అని మాత్రం అడుగుతారు.